పూల అద్దాలూ, బొటనవేళ్ళూ

మాది అద్దాల కొట్టు. కొలిచేదీ కోసేదీ మగవాళ్ళు, మోసేది ఆడవాళ్ళం. ఈ మాట చెప్తే జనం నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నాకేం పోయింది. మా ఆయన కొలత తప్పడు, మా మరిది కోత తప్పడు. కానీ అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక అద్దం ఎత్తారా, ఒకడు ఎడమకంటే ఇంకొకడు కుడికంటాడు. కొట్టు పెట్టిన మొదటి ఏడాదే నాలుగు పగలగొట్టారు. ఐదోదానికి నేనూ మా తోడికోడలూ ముందుకొచ్చి, "మీరు జరగండి బాబూ" అని చెయ్యి వేశాం. అది మొదలు ఇరవై ఏళ్ళు మా చేతుల్లోంచి ఒక్క అద్దం జారలేదు.

తోడికోడలు నాకంటే ఐదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అంటుంది, నేను దాన్ని చిన్నదానా అంటాను. ఇంట్లో మా ఇద్దరికీ క్షణం పడదు. టీలో పంచదార దగ్గర మొదలై టీవీలో ఏ ఛానల్ పెట్టాలనే దాకా రోజుకో గొడవ. అద్దం ఎత్తామంటే మాత్రం మాటా మంతీ అక్కర్లేదు. అది ముందు, నేను వెనక. నా అడుగు ఎప్పుడు పడుతుందో దానికి తెలుసు, దాని ఊపిరి ఎప్పుడు బరువెక్కుతుందో నాకు తెలుసు. కట్టుకున్నవాడితో కూడా నాకు అంత పొత్తు కుదరలేదంటే నమ్మండి.

అద్దం ఎత్తేటప్పుడు ఒక చెయ్యి కింద ఉంటుంది, ఒక చెయ్యి పక్క అంచు మీద ఉంటుంది. బరువు సంగతి కింది చెయ్యి చూసుకుంటుంది. పలక అటూ ఇటూ వాలకుండా నొక్కి పట్టేది మాత్రం బొటనవేలు. నాలుగు వేళ్ళు ఒక పక్క, అదొక్కటీ ఇంకో పక్క. ఇదంతా ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెప్తున్నాను గానీ, ఇరవై ఏళ్ళు నాకు బొటనవేలనేది ఒకటుందన్న ధ్యాసే లేదు.

ఏడాదిన్నర కిందట మా మరిది రబ్బరు కప్పులు తెచ్చాడు. అరచేయంత నల్లటి రబ్బరు, దానికో పిడి. అద్దానికి ఆనించి మీట నొక్కితే గట్టిగా అతుక్కుంటుంది. ఇక పిడి పట్టుకుని సంచీ మోసినట్టు మోసుకుపోవడమే. "ఎలా ఉంది వదినా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఏ కలుగులో దాచావురా దీన్ని" అన్నాను. నిజంగానే ప్రాణానికి సుఖంగా ఉంది. పిడి పట్టుకోవడానికి నాలుగు వేళ్ళు చాలు. బొటనవేలు పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా పైన ఊరికే కూర్చుంటుంది. అలా ఏడాదిన్నర కూర్చుంది.

అప్పుడొచ్చింది పళ్ళ డాక్టరు పని. రెండో అంతస్తులో కొత్తగా ఆసుపత్రి పెడుతున్నాడు. కుర్చీకీ కుర్చీకీ మధ్య అద్దాల అడ్డుగోడలు కావాలన్నాడు గానీ మామూలు అద్దం వద్దన్నాడు. "పాత ఆసుపత్రిలో ఒకళ్ళు నోరు తెరుచుకుని కూర్చుంటే పక్కవాళ్ళు చూసి లేచి పారిపోతున్నారమ్మా" అని బాధపడ్డాడు. అయితే పూల అద్దమే అన్నాం. రెండు వైపులా పూలూ తీగలూ ఉబ్బెత్తుగా ఉంటాయి. వెలుతురు వస్తుంది, మనిషి మొహం కనబడదు. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, ఒక్కోటీ ముప్పై కిలోల పైమాటే. అలాంటివి ఇరవై రెండు. లిఫ్టులో పట్టవు, మెట్ల మీదే ఎక్కించాలి.

పూల మీద రబ్బరు కప్పు అతకదు. నొక్కితే బుస్సుమని గాలి వదిలేస్తుంది. మా మరిది నాలుగుసార్లు నొక్కి మొహం వేలాడేశాడు. "ఏముందిరా, పాత పద్ధతే" అన్నాను నేను, పెద్ద తెలిసినదానిలా.

మొదటి అద్దం ఎత్తాం. మొదటి అంతస్తు దాటాక మెట్లు మలుపు తిరుగుతాయి, అక్కడ పలకని కాస్త వాల్చి తిప్పాలి. తిప్పుతుంటే నా కుడి బొటనవేలు సన్నగా వణికింది. తర్వాత భగ్గున మండింది. ఆ తర్వాత ఇంక నా మాట వినలేదు. పలక ముందు వేలెడంత జారింది, వెంటనే మొత్తం జారింది. "తప్పుకో!" అని అరిచింది చిన్నది. ఇద్దరం చెరోపక్కా గోడకి కరుచుకుపోయాం. పూలూ తీగలూ అన్నీ మెట్ల మీద పొడిపొడి అయిపోయాయి. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు, అదే పదివేలు.

జారింది నా వైపేనని నాకు తెలుసు. నా వేలికి తెలీదా మరి. కానీ నా నోరు నాకంటే ముందు లేస్తుంది, ఏం చెయ్యను. "కళ్ళు నెత్తికెక్కాయా? అలా వదిలేశావేంటే!" అని దాని మీద విరుచుకుపడ్డాను. చిన్నది ఒక్క క్షణం తెల్లమొహం వేసింది. ఆపైన తనూ అందుకుంది. "నేను వదిలానా? వదిలింది నువ్వు!" అంది. "నువ్వు!" అన్నాను. "నువ్వే!" అంది. డాక్టరు పైనుంచి పరిగెత్తుకొచ్చి, మెట్లు చూసి, మమ్మల్ని చూసి, "గోడలకి రంగులు కూడా వెయ్యాలమ్మా, ఐదు వారాలాగి రండి" అని మెల్లిగా సాగనంపాడు.

ఇంటికొచ్చాక మా ఆయన తీర్పు చెప్పాడు. అరవడు ఆయన, అరిస్తే నేను గెలుస్తానని ఆయనకి తెలుసు. "ఇద్దరికీ వయసు మీద పడుతోంది. మోయడానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడతాను. మీరు కొట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడండి చాలు" అన్నాడు.

వయసట! నాకు నలభై ఎనిమిది, దానికి నలభై మూడు. కొట్లో ఆ కుర్చీ నాకు బాగా తెలుసు. బల్ల వెనక, ఫ్యాను కింద, ఫోను పక్కన. మా మావయ్యగారు ఒక్క వారమని అందులో కూర్చుని పన్నెండేళ్ళు లేవలేదు. నాకు ఒంట్లో ప్రాణమున్నట్టు తెలిసేదే అద్దం ఎత్తినప్పుడు. చేతిలో బరువు, ముందు చిన్నదాని వీపు, కింద మెట్లు. అది పోతే ఇంక నేను రోజంతా ఎవరి మీద అరుచుకుంటూ బతకాలి?

"ఐదు వారాల తర్వాత ఇరవై రెండూ మేమే ఎక్కిస్తాం. మీ మనుషుల్ని తెచ్చుకుని కింద నిలబెట్టుకోండి. ఒక్కటి జారినా మేమే వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుంటాం" అన్నాను. చిన్నది "అవును బావగారూ" అంది, పీలగా. నేనంటే భయపడి ఊకొట్టిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా వీధి చివర ఫిజియో అమ్మాయి దగ్గరికెళ్ళాను. ఇంట్లో సూదీదారం కొనుక్కొస్తానని చెప్పాను. ఆ అమ్మాయి ఒక పిడి లాంటిది చేతికిచ్చి గట్టిగా పిసకమంది. పిసికాను. "అబ్బో!" అంది. తర్వాత ఒక చిన్న పెట్టె ఇచ్చి బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య పెట్టి నొక్కమంది. నొక్కాను. ఈసారి అబ్బో అనలేదు.

"గుప్పెట బ్రహ్మాండంగా ఉంది ఆంటీ. బొటనవేలే సెలవు పెట్టింది" అంది.

"ఏడాదిన్నర సెలవా!"

"తాడు లాగే పందెం చూశారుగా. ఇటు నలుగురు, అటు ఒక్కడే అనుకోండి. ఆ ఒక్కడు వదిలేశాడా, ఈ నలుగురూ ఎంత మొనగాళ్ళయినా వెల్లకిలా పడాల్సిందే. మీరు నలుగురికే పని చెప్పారు, అవతలివాణ్ణి మర్చిపోయారు. భయం లేదు, పని చెప్తే మళ్ళీ దారికొస్తాడు." అని కాయితం మీద బొమ్మలు గీసిస్తూ, "నిన్నటినుంచి మీది రెండో బొటనవేలు" అని తనలో తను నవ్వుకుంది. ఫోన్లు గీకి గీకి పాడుచేసుకున్న కుర్రకారెవరో అయ్యుంటారని సరిపెట్టుకున్నాను.

ఇంక మొదలైంది నా దొంగతనపు కసరత్తు. డాబా మీద తీగ నుంచి ఆరు బట్టల క్లిప్పులు కొట్టేశాను. బొటనవేలికి ఎదురుగా ఒక్కో వేలూ పెట్టి క్లిప్పు తెరవడం, మూయడం. చూపుడు వేలితో సులువే, చిటికెన వేలి దగ్గరికొచ్చేసరికి చుక్కలు కనపడతాయి. కొట్టు వెనక షెడ్డులో, అద్దాన్ని మసక చేయడానికి వాడే సన్న ఇసుక డ్రమ్ములో ఉంటుంది. అందులో చెయ్యి మణికట్టు దాకా గుచ్చి, లోపల వేళ్ళు మూయడం, విప్పడం. అన్నిటికంటే కష్టమైంది నా సొంత తెలివి. పుస్తకం సైజు మందపాటి అద్దం ముక్కలు రెండు తీసుకుని, అంచులు అరగదీసి, ఒకదానికొకటి ఆనించి, పైనుంచి బొటనవేలికీ వేళ్ళకీ మధ్య నొక్కి పట్టి వేలాడదీయాలి. పట్టు వదులైతే రెండూ విడిపోయి కిందున్న గోనెసంచీ మీద పడతాయి. మొదటిరోజు ఏడు అంకెలు లెక్కపెట్టేలోపే పడ్డాయి. ఏడు! ఇరవై ఏళ్ళు అద్దాలు మోసిన మనిషిని! నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

నాకు ఆత్రం ఎక్కువ కదా, మొదటి వారం పొద్దున్నా మధ్యాహ్నం సాయంత్రం వాయించేశాను. వేలి మొదట్లో వాచిపోయి జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేకపోయాను. ఫిజియో అమ్మాయి నన్ను చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టింది. "దానికి పనీ కావాలి, విశ్రాంతీ కావాలి. రోజు విడిచి రోజు చెయ్యండి. తెరిచే వైపు కూడా బలముండాలి, వేళ్ళ చుట్టూ రబ్బరు బ్యాండు వేసి బయటికి సాగదీయండి" అంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తిట్టినవాళ్ళు తక్కువ. నోరు మూసుకుని విన్నాను.

ఈలోపు ఇంట్లో మా అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. గాలికి దుప్పటి ఎగిరి పక్కింటి వాళ్ళ బాల్కనీలో పడిందట. "మూడు డజన్ల క్లిప్పులుండాలి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా రెండు డజన్లే ఉన్నాయి. ఎవరు తింటున్నారే క్లిప్పుల్ని?" అంది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. "కాకులెత్తుకుపోయుంటాయి అత్తయ్యా" అంది చిన్నది. నేను తీసింది ఆరే కదా, పన్నెండెలా పోయాయో అని నాకూ ఆశ్చర్యమేసింది. నిజంగానే కాకి వచ్చిందేమోననుకున్నాను.

ఇసుక డ్రమ్ములో కూడా అంతే. సాయంత్రం నేను చదును చేసి వెళ్తే పొద్దున్నకి మధ్యలో గుంట ఉండేది. ఏ పిల్లో వచ్చి పాడుచేస్తోందని నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లి ఇసుకలో ఏం చేస్తుందో తెలిసీ అందులోనే చెయ్యి పెడుతున్నానా అనుకుని మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. డ్రమ్ము మీద చెక్క మూతేసి రాయి పెట్టాను. మర్నాడు రాయి కింద ఉంది, మూత పక్కన ఉంది, గుంట గుంటలాగే ఉంది. "ఈ ఊళ్ళో పిల్లులు కూడా బలిశాయి" అని మా ఆయనతో అన్నాను. ఆయన కళ్ళద్దాల మీంచి ఒక చూపు చూసి మళ్ళీ కొలతలు రాసుకున్నాడు.

మూడో వారానికి ముప్పై అంకెలు. నాలుగో వారానికి నలభై ఐదు. ఐదో వారంలో ఒకరోజు అరవై దాటాక నాకే విసుగొచ్చి దించేశాను. షెడ్డులో ఒక్కదాన్నే నిలబడి నా బొటనవేలిని ముద్దు పెట్టుకున్నాను. ఎవరూ చూడలేదు కాబట్టి చెప్తున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. మా ఆయన అన్నంత పనీ చేశాడు. మనుషులిద్దర్నీ తెచ్చి కింద వ్యాను పక్కన నిలబెట్టాడు. ఒకడు మీసాలాయన, ఒకడు పొడుగాయన. ఇద్దరూ చేతులు కట్టుకుని మా వంక జాలిగా చూస్తున్నారు. ఆ జాలి చూపు చూశాక నాకు ఇంకో పది కిలోల బలమొచ్చింది.

చేతి తొడుగులు వేసుకుని మొదటిది ఎత్తాం. మలుపు దగ్గర వాల్చి తిప్పాం. నా బొటనవేలు పలకని నొక్కి పట్టుకుంది, కదల్లేదు. అబ్బ, ఆ హాయి! గొంతెత్తి కేక పెట్టాలనిపించింది. రెండోది, మూడోది, పదోది. మధ్యమధ్య ఆగి నీళ్ళు తాగాం. పన్నెండోదానికి మీసాలాయన కట్టుకున్న చేతులు విప్పాడు.

పదిహేనోది మలుపు దాటాక ఊపిరి తీసుకోవడానికి దించాం. కింద చెక్కముక్కలు పెట్టి గోడకి ఆనించాం. నేను చెమట తుడుచుకుంటుంటే చిన్నది మెట్టు మీద కూలబడి, తొడుగులు తీసి, మొహం కప్పుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను హడలిపోయాను.

"ఏమైందే? తెగిందా?"

"లేదక్కా. ఆ రోజు జారింది నా చేతిలోంచి" అంది. "నా వేలు పట్టు తప్పింది. నువ్వు తిట్టగానే తప్పు నీ మీదకి తోసేశాను. ఐదు వారాలుగా ముద్ద దిగట్లేదు నాకు. బావగారికి చెప్పేస్తాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టమంటాను. నీ తప్పేం లేదుగా, నువ్వు మొయ్యి."

అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా మనసు ఆశపడింది. నేను నోరు మూసుకుంటే చాలు. అద్దాలూ ఉంటాయి, మెట్లూ ఉంటాయి, నా పరువూ ఉంటుంది. ఇరవై ఏళ్ళలో నోరు మూసుకోవడం వల్ల నాకు లాభమొచ్చే రోజు అదొక్కటే వచ్చింది. కానీ మళ్ళీ అద్దం ఎత్తితే ముందు ఎవరి వీపు కనపడాలి? ఆ పొడుగాయన వీపా?

"నోర్ముయ్. జారింది నా చేతిలోంచి" అన్నాను.

కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. "నన్ను ఊరడించడానికి చెప్తున్నావు."

"నేనెప్పుడైనా ఎవర్నైనా ఊరడించానటే? నా బొటనవేలు వదిలేసింది. తెలిసీ నిన్ను తిట్టాను. ఐదు వారాల్నించి క్లిప్పులు నొక్కుతున్నాను, ఇసుకలో చెయ్యి పెడుతున్నాను."

చిన్నది ఏడుపు ఆపేసింది. "ఇసుక డ్రమ్ము మీద రాయి పెట్టింది నువ్వా?"

"మూత తీసింది నువ్వా!"

"ఆ రాయి దించలేక నడుం పట్టేసింది నాకు!"

"నిన్ను పిల్లి అనుకున్నానే తల్లీ!"

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఆపైన అసలు గొడవ మొదలైంది. ఆ రోజు అద్దం ఎవరి చేతిలోంచి జారిందని. నాదంటే నాది. "నా వైపు వేలెడంత జారింది, నాకు తెలీదా?" అంటాను. "అంతకంటే ముందే నా వైపు లూజయింది, నీకేం తెలుసు?" అంటుంది. "పెద్దదాన్ని చెప్తున్నాను, నాదే!" అంటాను. "అన్నిట్లోనూ నువ్వే ముందుండాలా, ఇది మాత్రం నాది!" అంటుంది. ఆ మెట్ల మీద మా అరుపులు ఎంత దూరం వెళ్ళాయో గానీ, డాక్టరు గుండె పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇంకోటి పగిలిందామ్మా?"

"లేదు డాక్టరుగారూ, పాతదాని గురించే" అంది చిన్నది.

అప్పుడు చూశాను, కింద మలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. వెనక మీసాలాయన, పొడుగాయన. మొత్తం వినేశారు. ఒకదాని చెయ్యి పాడైతే ఇంకోదాని చెయ్యి ఉందనుకుంటారు గానీ, ఇద్దరి చేతులూ పాడయ్యాయని మా నోటితో మేమే ఊరంతా వినేలా చెప్పుకున్నాం. ఇంక ఆ కుర్చీలు మావే. ఆయన ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి దాన్ని చూశాడు, గోడకి ఆనించిన అద్దాన్ని చూశాడు.

"ఇది కాక ఇంకా ఏడున్నాయి. ఎవరెత్తుతారో తేల్చండి. వ్యానతను తొందరపెడుతున్నాడు" అన్నాడు.

"మేమే" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన తలూపి, వెనక్కి తిరిగి, "మీరిద్దరూ వెళ్ళి టీ తాగి రండి" అని వాళ్ళతో చెప్పి కిందికి దిగిపోయాడు. దిగుతూ భుజాలు కదుపుతున్నాడు. నవ్వుతున్నాడని వెనకనుంచే తెలిసిపోయింది.

తొడుగులు వేసుకున్నాం. పదిహేనోది ఎత్తాం. చిన్నది ఇంకా ఎక్కిళ్ళు పెడుతూనే ఉంది, నేను ఇంకా గొణుగుతూనే ఉన్నాను, కానీ కాళ్ళు మాత్రం ఎప్పటిలాగే కలిసి పడ్డాయి. ఇరవయ్యోదాని దగ్గర నా వేలు మండటం మొదలైంది. మండనీ అనుకున్నాను. ఇప్పుడు మండినా అది నా మాట వింటోంది. ఇరవై రెండోదాన్ని తీసుకెళ్ళి చట్రం పక్కన నిలబెట్టేసరికి మధ్యాహ్నమైంది.

ఇద్దరం ఆ పూల అద్దానికి చెరోవైపూ ఉన్నాం. అవతల చిన్నది ఒక మసక రంగులా కనపడుతోంది. అది చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చి, నా కుడిచేతి తొడుగు లాగేసి, నా బొటనవేలిని గుప్పిట్లో పెట్టుకుని నొక్కింది.

"అబ్బా! నొప్పే!" అన్నాను.

"నొప్పి పుట్టాలనే" అంది.

"ఇంతోటి పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు? చాల్లే, వదులు" అన్నాను. వదల్లేదు. నేనూ మళ్ళీ అడగలేదు.